పల్నాటి ఎండలో మోటారు బండి

పల్నాడు అనగానే మనకు మొదట స్ఫురించునవి కారెంపూడి రణరంగము, నాగులేరు, బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, మాచర్ల చెన్నకేశవస్వామి ఆలయము. పన్నెండవ శతాబ్ది నాటి ఆ కథను పండితులును పామరులును సమానముగ ఎరుగుదురు. అదే సీమకు ఇరువదవ శతాబ్దిలో మరియొక చరిత్ర కలదు. దానిని పాడిన వారు లేరు; శాసనము చెక్కించిన వారును లేరు. అది ఈ సీమ బాటల మీద మోటారు బండి నడచిన చరిత్ర. ఇంకను సూటిగా చెప్పవలెనన్నచో, నడచి నడచి నడుమ దారిలో ఆగిపోయిన చరిత్ర.

బండి ఆగుటలో చరిత్ర ఏమున్నదని కొందరు అడుగవచ్చును. ఆగుటలో రెండు విధములు కలవు. ఉదయము ఇంటి ముందర ఎంత తిప్పినను కదలని బండి ఒక విధము. దాని లోపము అక్కడనే ఉండును. మెకానిక్కు వచ్చి చూచువరకు అది ఎక్కడికిని పోదు. రెండవ విధము వేరు. బండి ఉదయము చక్కగా బయలుదేరును. ముప్పది నలుబది మైళ్లు హాయిగా పోవును. మిట్టమధ్యాహ్నము, నీడలేని చోట, ఉన్నట్టుండి ఆగును. ప్రయాణికులు దిగి తుమ్మచెట్టు కొరకు వెదకుదురు. అరగంట గడచును. డ్రైవరు మరల ప్రయత్నించగా ఏమియు జరుగనట్లు ఇంజను పలుకును. మరునాడు షెడ్డుకు తీసికొనిపోయి చూపగా ఏ లోపమును కానరాదు. వైద్యుడు వచ్చువేళకు దిగిపోవు చలిజ్వరము వంటిది ఈ వ్యాధి. దీనిని పట్టుకొనుటకు మనుష్యులు పడిన పాట్లే మేము ఇచ్చట చెప్పదలచిన చరిత్ర.

ఇది వినోదమునకు మాత్రమే చెప్పుకొను ముచ్చట కాదు. మాచర్లనుండి గుంటూరు పెద్దాసుపత్రికి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ప్రసవవేదన పడుచున్న స్త్రీనో, పాము కరచిన రైతునో ఎక్కించుకొని పోవు బండి దారిలో ఆగినచో, ఆ అరగంట విలువ ఎంతయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ వ్యాధిని పరీక్షించుటకు ప్రకృతియే నిర్మించిన ప్రయోగశాల వలె నున్నది పల్నాడు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా ప్రత్యేక జిల్లా అయిన ఈ ప్రాంతము అంతకుముందు గుంటూరు జిల్లాలోనిది. ఉత్తరమున కృష్ణ, పడమట నల్లమల. నేల చాల చోట్ల సున్నపురాతి నేల. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటను ప్రసిద్ధములు. వేసవిలో 45 డిగ్రీలు దాటుట అచ్చటివారికి కొత్త కాదు. బ్రిటిషు పాలనలోనే గుంటూరునుండి మాచర్లకు మీటరుగేజి రైలు వచ్చినను, పట్టాలకు దూరముగా నున్న ఊళ్లకు ఎడ్లబండియే గతి. ఆ ఊళ్లను సంతలకును, కచేరీలకును, ఆసుపత్రులకును దగ్గర చేసినది మోటారు బస్సు. కాని ఎండ, నీరు, దూరము అను మూడు పరీక్షలకు అది నిలువవలసి వచ్చెను.

ఇంజనుకు కావలసినవి నాలుగు: తగిన పాళ్లలో ఇంధనము, గాలి, సమయము తప్పని నిప్పురవ్వ, వేడిమిని తొలగించు నీరు. వీనిలో ఏ ఒక్కటి తప్పినను బండి ఆగును. ఏది తప్పినదో చెప్పుటయే విద్య. గత నూరేండ్లలో బండ్లు మారినకొలదిని ఈ నాలుగింటిలో బలహీనమైన చోటు మారుచు వచ్చినది.

తొలినాటి బండ్లలో పెట్రోలు తనంత తానుగ పల్లమునకు పారవలసినదే. 1908 నుండి 1927 వరకు అమెరికాలో కోటిన్నర సంఖ్యలో తయారైన ఫోర్డు టి మోడలులో పెట్రోలు ట్యాంకు ముందు సీటు క్రింద ఉండెడిది; పంపు లేదు. ట్యాంకులో పెట్రోలు తక్కువగ నున్నప్పుడు నిట్టనిలువు మిట్ట ఎక్కినచో ఇంజను ఎత్తునకు పోవును, ట్యాంకు క్రిందికి పోవును, ధార తెగును. అందుచేత డ్రైవర్లు బండిని వెనుకకు త్రిప్పి, రివర్సులో మిట్ట ఎక్కించెడివారు. చూచువారికి నవ్వు పుట్టించునదైనను ఇది శాస్త్రసమ్మతమైన చికిత్స. ఇంజను ఎందుకు ఆగినదో తెలిసికొన్న వాడే ఆ ఉపాయము కనుగొనగలడు.

ఆ తరువాత వచ్చినది వాక్యూమ్ ట్యాంకు. ఇంజను గాలిని పీల్చు బలముతోనే వెనుకనున్న పెట్రోలును పైకి లాగి, చిన్న తొట్టిలో నింపి, అచ్చటినుండి కార్బురేటరునకు విడుచు ఏర్పాటు ఇది. సమతలము మీద చక్కగా పనిచేయును. కాని నిండు బరువుతో నల్లరేగడి బురదలోనో, కొండదారిలోనో యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి చాలసేపు నడిపినచో ఆ పీల్చు బలము తగ్గిపోవును. తొట్టి మెల్లమెల్లగా ఖాళీ అగును. అనగా ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావలసిన సమయముననే అది అందకుండ పోవును. కాసేపు నిలిపి, బరువు తగ్గించి నడిపినచో మరల సర్దుకొనును. 1926లో ఫోర్డు సంస్థయు, 1928లో జనరల్ మోటార్సు సంస్థయు మన దేశమున బండ్లు కూర్చుట ఆరంభించిన కాలమునకు ఈ లోపము లోకమంతటను డ్రైవర్లకు పరిచితమే. 1930ల నాటికి ఇంజనుచేతనే నడుపబడు పెట్రోలు పంపు వాక్యూమ్ ట్యాంకును తొలగించెను. ఒక వ్యాధి పోయెను. దాని స్థానమున మరియొకటి వచ్చెను. ఆ సంగతి కొంత ముందునకు చెప్పుదుము.

ఇక నీటి సంగతి. మన యిండ్లలో నీళ్లు కాచు కాగు అడుగున కొన్నాళ్లకు తెల్లని పొలుసు పేరుకొనుట గృహిణులకు తెలియును. సున్నము కలిసిన గట్టి నీటి గుణము అది. పిడుగురాళ్ల ప్రాంతమున సున్నపు బట్టీలు, మాచర్లలో సిమెంటు కర్మాగారము వెలయుటకు కారణమైన రాయియే ఈ సీమ బావులలోని నీటిని గట్టినీరుగ చేయుచున్నది. వేసవిలో రేడియేటరు ఆవిరి కక్కినప్పుడెల్ల క్లీనరు డబ్బాతో దగ్గరి బావినుండి నీరు తెచ్చి పోయుట పాత బస్సులకు నిత్యకృత్యము. పోసిన నీరు మరగి పోవును. సున్నము మాత్రము గొట్టములలో మిగులును. ఆ పొలుసు వేడిని బయటికి పోనీయదు. నీటికి దారియు ఇరుకు చేయును. కనుక బండి మరింత త్వరగా కాగును, మరింత తరచుగా నీరు అడుగును. దాహము తీర్చిన నీరే దాహమును పెంచుచుండెనన్నమాట. వాననీరు పట్టి ఉంచుకొని రేడియేటరునకు వాడుట ఎందుకు మేలో దీనివలన తెలియగలదు. నేడు కూలెంటు అను ద్రవమును శుద్ధమైన నీటితో కలిపి పోయుడని తయారీదారులు చెప్పుటలోని అంతరార్థమును ఇదియే.

1939లో రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమైన పిదప పెట్రోలునకు కరవు వచ్చెను. ప్రభుత్వము రేషను విధించెను. అప్పుడు మదరాసు రాజధాని బాటల మీద బొగ్గు బస్సులు కనిపించెను. 1920లలో ఫ్రాన్సులో జార్జి అంబేరు మున్నగువారు అభివృద్ధి చేసిన పద్ధతి వంటిదే అది. బస్సు వెనుక నిలువెత్తు పీపాలో కొయ్యబొగ్గును చాలీచాలని గాలితో మండించినచో కార్బన్ మోనాక్సైడు, కొంత హైడ్రోజను పుట్టును. ఆ వాయువును చల్లార్చి, వడగట్టి ఇంజనుకు పంపుదురు. ఆ వాయువులో దాదాపు సగము నిరుపయోగమైన నత్రజనియే కావున బండి బలము చాల తగ్గెడిది. తెల్లవారుజామున క్లీనరు పంకాను తిప్పి తిప్పి నిప్పు రాజేసిన తరువాతగాని బస్సు బయలుదేరెడిది కాదు. మిట్ట వచ్చినచో ప్రయాణికులు దిగవలసి వచ్చుటయు కద్దు.

ఈ బస్సు ఆగుటకు కారణములు వేరు. వడపోత గుడ్డలు మసితో మూసికొనుట, బూడిద గడ్డకట్టుట, తడిబొగ్గు పడుట, పీపాలో బొగ్గు నడుమ ఖాళీ ఏర్పడుట. పెట్రోలు బండికి అలవాటుపడిన మెకానిక్కు ఇచ్చట మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చెను. పైగా ప్రాణభయము. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన షెడ్డులో ఇంజను నడిపి లోపము వెదకుట మృత్యువును పిలుచుటయే. లోపమును కనుగొను ఆతురతలో తన ప్రాణమును మరువరాదను పాఠము ఆ కాలమున నేర్చినదే. అది నేటి పెట్రోలు బండికిని వర్తించును.

స్వాతంత్ర్యానంతరము డీజిలు యుగము వచ్చెను. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో ఆరంభించిన రోడ్డు రవాణా శాఖ హైదరాబాదు ప్రాంతమున పెరిగి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగ రూపొందెను. దాని బస్సులు క్రమముగ కోస్తా జిల్లాలకును విస్తరించెను. అంతలో 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేయగా, పల్నాటి పడమటి కొన ఒక మహానిర్మాణమునకు నెలవయ్యెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుచువరకు ఆ దారులలో లారీలకు విశ్రాంతి లేదు.

డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు; నొక్కబడిన గాలి వేడికే ఇంధనము అంటుకొనును. కావున కాయిలు, ప్లగ్గు, పాయింట్లు తెచ్చు బాధలు దానికి లేవు. కాని దాని వైరి గాలి. ఇంధనపు గొట్టములో ఎక్కడనో ఒక వాషరు వదులైనను, ఇంజను పీల్చునప్పుడు ఆ సందులోనుండి గాలి దూరును. ద్రవము అణగదు, గాలి అణగును. పంపు ఎంత నొక్కినను ఆ బుడగయే నలిగి లేచును గాని డీజిలు ముందుకు కదలదు. డ్రైవర్ల భాషలో బండికి 'ఎయిర్ పట్టినది'. చేతిపంపు కొట్టి, మరను వదులు చేసి, నురుగు పోయి స్వచ్ఛమైన ధార వచ్చువరకు చూచి బిగించుట దీనికి చికిత్స. అయితే చికిత్స వేరు, నిదానము వేరు. గాలి తీసినంత మాత్రమున గాలి వచ్చిన సందు మూతపడదు. పది మైళ్ల తరువాత మరల ఆగును. ఎయిర్ తీయుట నేర్చినవారు అనేకులు. అది ఎచ్చట దూరుచున్నదో వెదకువాడే నిజమైన పనివాడు.

పెట్రోలు పంపుతో వచ్చిన వ్యాధి సంగతి ముందు చెప్పుదుమంటిమి. 1950ల చివర బయటికి వచ్చి, 2014 వరకు తయారైన అంబాసిడరు కారు వాడినవారందరికిని అది అనుభవమే. పెట్రోలులోని తేలిక భాగములు 40 డిగ్రీల లోపుననే ఆవిరి కానారంభించును. రెంటచింతల ఎండలో నడచిన బండి బానెట్టు క్రింద వేడిమి అంతకు ఎంతయో మించును. ఇంజనుకు అంటియున్న పంపులోను, గొట్టములోను పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టును. డీజిలులో గాలి చేసిన పనియే ఇచ్చట ఆవిరి చేయును. దీనినే వేపర్ లాక్ అందురు. డ్రైవరు బానెట్టు ఎత్తి, పంపు మీద తడిగుడ్డ పరచి, చెట్టునీడన బీడీ ముట్టించెడివాడు. వేసవిలో మనము కూజాకు తడిగుడ్డ చుట్టుటలోని సూత్రమే అది. గుడ్డలోని నీరు ఆరుచు పంపులోని వేడిని తీసికొనిపోవును; ఆవిరి మరల ద్రవమగును.

ఐతే దారిలో ఆగి చల్లారినపిదప కదలు ప్రతి బండికిని వేపర్ లాక్ అని పేరు పెట్టుట పొరపాటు. అవే లక్షణములతో మూడు వ్యాధులు కలవు. మొదటిది ఇప్పుడు చెప్పినది. రెండవది కాయిలు. దానిలో వేలకొలది చుట్లు తిరిగిన సన్నని రాగితీగ ఉండును. ఎక్కడనో నెరసిన తీగ చల్లగ నున్నప్పుడు అంటుకొనియుండి, వేడికి సాగినప్పుడు విడిపోవును, నిప్పురవ్వ ఆగును. చల్లారినచో మరల అంటుకొనును. మూడవది అన్నింటికంటె చిన్నది: పెట్రోలు ట్యాంకు మూతకుండు గాలి రంధ్రము దుమ్ముతో మూసికొనుట. పెట్రోలు తగ్గినకొలది ఆ చోటికి గాలి రావలెను. రానిచో ట్యాంకులో శూన్యత ఏర్పడి, పంపు లాగలేక, బండి ఆగును. ఆపి నిలుచున్నంతలో గాలి మెల్లగ జొరబడి మరల నడచును.

మూడింటికిని లక్షణము ఒకటియే, చికిత్సలు మూడు. వేరుచేయుటకు ఖరీదైన యంత్రమేదియు అక్కరలేదు. ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయవలెను. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఇంజను అప్పుడే పలికినచో దోషము మూతది. లేనిచో ప్లగ్గు తీగను జాగ్రత్తగ ఇంజను లోహమునకు దగ్గరగ పట్టించి, ఇంజనును తిప్పించి చూడవలెను. పెట్రోలు ఒలికిన చోట మాత్రము ఇట్లు చేయరాదు. నీలి రవ్వ రానిచో దోషము విద్యుత్తుది. రవ్వ బాగుండి, పంపుపై తడిగుడ్డ వేయగా బండి కదలినచో అది వేపర్ లాక్. ఈ పరీక్షలన్నియు బండి వేడిగ నుండగనే, అనగా ఆగిన కొద్ది నిమిషములలోనే చేయవలెను. చల్లారిన తరువాత సాక్ష్యము మిగులదు. షెడ్డులో ఏమియు కానరాకపోవుటకు కారణము ఇదియే.

నేటి బండ్లలో కార్బురేటరు లేదు. 2000 తరువాత కాలుష్య నియమములు కఠినమైనకొలది కార్లలో ఇంజెక్షను పద్ధతి స్థిరపడినది. పంపు ట్యాంకులోనికి పోయి, పెట్రోలును గట్టి ఒత్తిడితో పంపుచున్నందున వేపర్ లాక్ చాలవరకు అంతరించినది. 2020 ఏప్రిల్ 1న వచ్చిన భారత్ స్టేజి ఆరు నియమములతో బండిలోని కంప్యూటరు తన లోపములను తానే కనిపెట్టి గుర్తుంచుకొను శక్తి మరింత పెరిగినది. అయినను బండ్లు దారిలో ఆగుచునే యున్నవి. కారణములు చూచినచో ఆశ్చర్యము కలుగును. ట్యాంకులోని పంపును చల్లబరచునది ఆ పెట్రోలే. ఎప్పుడును అడుగంటిన ట్యాంకుతో దూరము పోవువాని పంపు కాగి అలసిపోవును. ఇంజను ఎంతవరకు తిరిగినదో కంప్యూటరునకు తెలుపు క్రాంక్ సెన్సరు అను చిన్న పరికరము కొన్ని బండ్లలో వేడెక్కినప్పుడు మూగబోవును; దానిలోను సన్నని తీగచుట్టయే ఉండుట పరిపాటి. తాతలనాటి కాయిలునకు వచ్చిన జబ్బే మనుమల సెన్సరునకు వచ్చినది.

స్కానరు చూపు సంఖ్య ఉపయోగకరమే. కాని అది నొప్పి ఎచ్చటనో చెప్పును. ఎందుకో ఎల్లప్పుడు చెప్పదు. సంఖ్యను చూచి వెంటనే పంపు మార్చుట, బండి మరల ఆగగా సెన్సరు మార్చుట, ఇంకను ఆగగా వైరింగు మార్చుట నేడు చాల చోట్ల కనబడు పద్ధతి. వేలకొలది రూపాయలు గృహస్థునివి. అనుమానము మాత్రము తీరదు. పాతకాలపు మెకానిక్కు వద్ద స్కానరు లేదు, ప్రశ్నలు ఉండెడివి. దీపము ఆర్పినట్లు ఒక్కసారిగ ఆగినదా, దగ్గి దగ్గి ఆగినదా? ఒక్కసారిగ ఆగినచో విద్యుత్తును, దగ్గి ఆగినచో ఇంధనమును ముందుగ అనుమానింపవలెను. బలము తగ్గి, వేడిముల్లు పైకిపోయి ఆగినచో నీటిని చూడవలెను. మిట్ట మీదనా, సమతలముననా? ఎన్ని మైళ్లకు? ఎంతసేపటికి మరల కదలినది? ట్యాంకులో ఎంత ఉన్నది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవాడు బండిలో కూర్చున్నవాడే గాని షెడ్డులోనివాడు కాడు.

కావున శ్రోతలలో బండి కలవారికి మా విన్నపము రెండు మాటలు. అద్దంకి నార్కెటుపల్లి దారిలోనో, మాచర్ల దారిలోనో బండి మొరాయించినట్లు తోచిన వెంటనే, వేగమున్నంతలోనే దానిని బాట అంచునకు తీసికొనిపోయి, హెచ్చరిక దీపములు వెలిగించి, పిల్లలను దింపి బాటకు దూరముగ నిలుపవలెను. కాగిన రేడియేటరు మూతను ఎట్టి తొందరలోను తీయరాదు. లోని నీరు ఒత్తిడిచే నూరు డిగ్రీలకు మించి కాగియుండి ముఖముపైకి చిమ్మును. ఆ తరువాత ఆగిన వేళ, నడచిన దూరము, ఆగిన తీరు, ట్యాంకులోని పెట్రోలు, మరల కదలుటకు పట్టిన నిమిషములు ఒక కాగితము మీద వ్రాసికొనవలెను. ఆ కాగితమును మెకానిక్కు చేతిలో పెట్టి, అతడు దానిని చదివి ఏమి అడుగునో వినవలెను. ఏమియు అడుగక పాన అందుకొనువానికంటె, ఒక ప్రశ్న అడిగి ఆలోచించువాని వద్ద బండిని విడుచుట మేలు.